ఒకే కొలమానం, వేర్వేరు బోధనాసుపత్రులు: వైద్యవిద్యార్థుల క్లినికల్ నైపుణ్య పరీక్షల్లో న్యాయం – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఒకే విశ్వవిద్యాలయం పరిధిలోని అనేక కళాశాలల్లో చదివిన వైద్యవిద్యార్థులందరికీ ఒకే పట్టా లభిస్తుంది. ఆ పట్టాకు ఆధారమైన క్లినికల్ పరీక్ష మాత్రం ప్రతి ఆసుపత్రిలో వేరు రోగులతో, వేరు పరీక్షకులతో జరుగుతుంది. ఈ తేడాలను తొలగించడానికి గత యాభై ఏళ్ళలో వచ్చిన ప్రధాన ప్రయత్నాలను, ముఖ్యంగా ఆస్కీ పద్ధతిని, పరీక్షకుల మార్కులను అనుసంధానించే వీడియో పద్ధతిని, బ్రిటన్, అమెరికా దేశాల అనుభవాలను ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది. పరీక్షను ఏకరూపం చేయడమే న్యాయమన్న భావన అసంపూర్ణమనీ, సవరించవలసిన తేడాలేవో, సవరించకూడని తేడాలేవో ముందుగా వేరుచేసుకోవాలనీ ప్రతిపాదిస్తుంది. తెలుగు రోగి భాషకు, ఆంగ్ల పరీక్షకు మధ్య ఉన్న అంతరాన్ని ఈ చర్చలో భాగంగా చూపుతుంది.

కీలకపదాలు: క్లినికల్ నైపుణ్యం, మూల్యాంకనం, విశ్వసనీయత, సప్రమాణత, ఆస్కీ, లాంగ్ కేసు, పరీక్షకుల కాఠిన్యం, రోగి భాష.

1. ఉపోద్ఘాతం:

ఎం.బి.బి.ఎస్. చివరి సంవత్సరం జనరల్ మెడిసిన్ ప్రాక్టికల్ పరీక్ష ఒకే వారంలో రెండు కళాశాలల్లో జరుగుతున్నదనుకుందాం. మొదటి కళాశాల వందల పడకల పాత ఆసుపత్రికి అనుబంధమైనది. అక్కడి విద్యార్థికి కీళ్ళవాతజ్వరం వల్ల గుండె కవాటం దెబ్బతిన్న రోగి వచ్చాడు. ఆ విద్యార్థి అటువంటి గుండె చప్పుళ్ళను వార్డులో పదిసార్లయినా విని ఉంటాడు. రెండవది కొత్తగా వెలసిన జిల్లా కళాశాల. అక్కడి విద్యార్థికీ అదే జబ్బున్న రోగి వచ్చాడు. ఆ చప్పుడును ఆ విద్యార్థి వినడం అదే మొదటిసారి. మొదటిచోట పరీక్షకుడు ఉదారుడు, రెండవచోట కఠినుడు. ఇద్దరికీ వచ్చిన మార్కులు ఒకే పట్టికలో పక్కపక్కన చేరతాయి. ఆ అంకెలను పోల్చడానికి ఆధారమేమిటన్నది ఈ వ్యాసం ఎత్తుకున్న ప్రశ్న.

ఈ ప్రశ్న ఇప్పుడు మరింత బలంగా వినిపించడానికి కారణం ఉంది. తెలుగునేలపై 1923లో మొదలైన విశాఖపట్నం ఆంధ్ర వైద్య కళాశాల వంటి శతాబ్దపు సంస్థలున్నాయి. 2022, 2023 సంవత్సరాల్లో తెలంగాణ జిల్లాల్లోనూ, 2023లో విజయనగరం, రాజమహేంద్రవరం, ఏలూరు, మచిలీపట్నం, నంద్యాలల్లోనూ ప్రారంభమైన ప్రభుత్వ కళాశాలలూ ఉన్నాయి. రోగుల సంఖ్య, జబ్బుల వైవిధ్యం, అధ్యాపకుల అనుభవం వీటన్నింటిలో ఒకేలా ఉండవు. పట్టా మాత్రం ఒక్కటే.

ఈ పరీక్షలో పొరపాటు రెండు వైపులా నష్టం కలిగిస్తుంది. అర్హత ఉన్న విద్యార్థి తప్పితే ఒక జీవితంలో ఆరునెలలో, ఏడాదో పోతుంది; కొన్నిసార్లు ఆత్మవిశ్వాసమే పోతుంది. అర్హత లేని విద్యార్థి ఉత్తీర్ణుడైతే ఆ మూల్యాన్ని ముక్కూమొగమూ తెలియని రోగి చెల్లిస్తాడు. కాబట్టి ఇక్కడ న్యాయం అనే మాటకు ఇద్దరు హక్కుదారులున్నారు. ఈ విషయాన్ని చర్చించే వ్యాసాల్లో చాలావరకు మొదటి హక్కుదారు మాత్రమే కనిపించడం ఒక లోపం.

2. లాంగ్ కేసు – చూడని నైపుణ్యానికి మార్కులు:

భారతీయ వైద్యవిద్యలో క్లినికల్ పరీక్షకు వెన్నెముక లాంగ్ కేసు. విద్యార్థి ఒక రోగి దగ్గర అరగంట, ముప్పావుగంట గడిపి, జబ్బు చరిత్ర అడిగి తెలుసుకుని, శరీరాన్ని పరీక్షించి, ఆ తరువాత పరీక్షకుల ముందు నివేదిస్తాడు. ఈ పద్ధతిలో ఒక గొప్ప గుణముంది. రోగి నిజమైనవాడు, అతని జబ్బు నిజమైనది. విద్యార్థి ఒక మనిషిని ఆసాంతం అర్థం చేసుకోవలసి ఉంటుంది. వైద్యవృత్తి స్వభావానికి ఇంత దగ్గరగా ఉన్న పరీక్ష మరొకటి లేదు.

దీని లోపం కూడా అక్కడే ఉంది. విద్యార్థి రోగితో గడిపే సమయంలో పరీక్షకుడు సాధారణంగా పక్కన ఉండడు. రోగిని ఎలా పలకరించాడు, పొట్టను ఎలా తాకి చూశాడు, నొప్పి ఉన్నచోట చెయ్యి వేసేముందు చెప్పాడా లేదా అన్నవి ఎవరూ చూడరు. మార్కులు పడేది నైపుణ్యానికి కాదు, నైపుణ్యం గురించిన నివేదికకు. మాటకారి విద్యార్థి ఇక్కడ లాభపడతాడు.

రెండవ లోపం మరింత మౌలికమైనది. ఆర్థర్ ఎల్‌స్టీన్, లీ షుల్మన్, సారా స్ప్రాఫ్కాలు 1978లో ప్రకటించిన గ్రంథంలో, వైద్యసమస్యలను పరిష్కరించే శక్తి అన్ని సమస్యలకూ ఒకేలా వర్తించే సాధారణ గుణం కాదని చూపారు. ఒక కేసులో రాణించినవాడు మరొక కేసులో తడబడవచ్చు. ఈ కేసు-విశిష్టతను అంగీకరిస్తే, ఒకే ఒక్క రోగి ఆధారంగా విద్యార్థి సామర్థ్యాన్ని నిర్ణయించడం ఒక్క మెతుకు పట్టి చూసి పెళ్ళివంట అంతా ఉడికిందని చెప్పడం వంటిది. అన్నం కుండకు సరిపడే సామెత పది వంటకాల విందుకు సరిపోదు.

అయితే ఈ విమర్శను జాగ్రత్తగా చదవాలి. వాల్ వాస్, రోజర్ జోన్స్, సీస్ వాండర్ వ్లూటెన్‌లు 2001లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, సమానమైన పరీక్షాకాలాన్ని కేటాయిస్తే లాంగ్ కేసుల విశ్వసనీయత ఇతర పద్ధతుల కంటే తక్కువేమీ కాదు. అంటే దోషం నిజమైన రోగిలో లేదు. ఒక్క రోగితో సరిపెట్టడంలో ఉంది. ఈ తేడాను గుర్తించకపోవడం వల్లనే లాంగ్ కేసును సంస్కరించడానికి బదులు పూర్తిగా వదిలేయాలనే వాదాలు బయలుదేరాయి.

3. ఆస్కీ – ఏకరూపతా వాగ్దానం:

స్కాట్లండులోని డండీలో రోనాల్డ్ హార్డెన్, ఆయన సహచరులు 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ద్వారా ప్రతిపాదించిన పద్ధతి నేడు ఆస్కీ అన్న పొట్టిపేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. దీన్ని వస్తునిష్ఠ నిర్మిత క్లినికల్ పరీక్ష అనవచ్చు. విద్యార్థులు వరుసగా కొన్ని స్టేషన్ల గుండా సాగుతారు. ఒకచోట రక్తపోటు చూడాలి, మరొకచోట చెడువార్త చెప్పాలి, ఇంకొకచోట ఎక్స్‌రే చదవాలి. ప్రతి స్టేషనుకూ నిర్ణీత సమయం, నిర్ణీత కార్యం, ముందే రాసుకున్న చెక్‌లిస్టు ఉంటాయి. ప్రతిచోటా పరీక్షకుడు విద్యార్థి చేసే పనిని కళ్ళారా చూస్తాడు. హోవర్డ్ బారోస్ 1960ల తొలినాళ్ళలో అమెరికాలో రూపొందించిన శిక్షిత రోగి పద్ధతి దీనికి తోడై, ఒకే బాధను ఒకే మాటలతో వందమంది విద్యార్థులకు చెప్పగల నటులను పరీక్షాగదికి తెచ్చింది.

జార్జ్ మిల్లర్ 1990లో వైద్యసామర్థ్యాన్ని నాలుగు అంతస్తుల పిరమిడ్‌గా చిత్రించాడు: తెలిసి ఉండటం, ఎలాగో తెలిసి ఉండటం, చేసి చూపడం, నిత్యవృత్తిలో చేయడం. ఆస్కీ మూడవ అంతస్తును అందుకుంది. లాంగ్ కేసు వదిలేసిన రెండు ఖాళీలను, అంటే ప్రత్యక్ష పరిశీలనను, విస్తృత నమూనాను పూరించింది. ఈ ఘనతను తక్కువచేయనక్కరలేదు.

విమర్శకు తావిచ్చేది చెక్‌లిస్టు. బ్రయాన్ హాజెస్, గ్లెన్ రెగెర్, వారి సహచరులు 1999లో టొరంటోలో చేసిన అధ్యయనం ఒక ఆశ్చర్యకరమైన సంగతిని బయటపెట్టింది. చెక్‌లిస్టు మార్కులు వైద్యుల అనుభవంతోపాటు పెరగలేదు. సమగ్ర అంచనా మార్కులు పెరిగాయి. అనుభవజ్ఞుడైన వైద్యుడు అన్ని ప్రశ్నలూ అడగడు. అవసరమైన నాలుగు ప్రశ్నలతో రోగం దగ్గరికి చేరతాడు. పట్టికలోని ఇరవై గళ్ళలో పదహారు ఖాళీగా మిగులుతాయి. జాబితాను వల్లెవేసిన విద్యార్థి ఇరవై గళ్ళూ నింపుతాడు. ఇక్కడ విశ్వసనీయత పెరిగింది కాని సప్రమాణత తగ్గింది. కొలత నిలకడగా ఉంది కాని కొలుస్తున్నది వేరొకటి అయింది.

వాండర్ వ్లూటెన్ 1996లో ఇచ్చిన సూత్రం ఈ సందర్భంలో ఉపకరిస్తుంది. పరీక్ష ప్రయోజనం విశ్వసనీయత, సప్రమాణత, విద్యాప్రభావం, ఆమోదయోగ్యత, వ్యయం అనే అంశాల గుణకారఫలమని ఆయన ప్రతిపాదన. కూడిక కాదు, గుణకారం. అందువల్ల ఏ ఒక్క అంశం సున్నా అయినా మొత్తం సున్నా అవుతుంది. ఏకరూపత కోసం మిగిలినవన్నీ వదులుకున్న పరీక్ష పట్ల ఇది ఒక హెచ్చరిక.

4. కేంద్రం మారితే మారేవి:

ఆస్కీ ప్రశ్నపత్రం ఒకటే అయినా, దానిని నాలుగు ఆసుపత్రుల్లో నిర్వహించినప్పుడు నాలుగు పరీక్షలు జరుగుతాయి. ప్రధానంగా మారేవి మూడు: పరీక్షకుడు, రోగి లేదా నటుడు, స్థలం. వీటిలో పరీక్షకుడి పాత్రపై పరిశోధన ఎక్కువగా జరిగింది.

ఆంగ్ల సాహిత్యంలో కఠిన పరీక్షకులను డేగలనీ, ఉదారులను పావురాలనీ వ్యవహరిస్తారు. బ్రిటన్ వైద్యకళాశాలల సభ్యత్వ క్లినికల్ పరీక్షపై క్రిస్ మెక్‌మానస్ బృందం 2006లో రాష్ విశ్లేషణ ద్వారా చేసిన అధ్యయనంలో, మార్కుల్లోని క్రమబద్ధ వైవిధ్యంలో 87 శాతం అభ్యర్థుల సామర్థ్యం నుంచి, 12 శాతం పరీక్షకుల కాఠిన్యం నుంచి, 1 శాతం స్టేషన్ల కష్టం నుంచి వచ్చినట్టు తేలింది. శిక్షణ పొందిన పరీక్షకులుండే ప్రసిద్ధ పరీక్షలోనే ఈ స్థితి. ఈ 12 శాతాన్ని చిన్నదనుకోరాదు. ఉత్తీర్ణతా రేఖకు దూరంగా ఉన్నవారికి దానివల్ల నష్టం లేదు. రేఖకు ఇటూ అటూ నిలిచినవారికి మాత్రం అదే తలరాత అవుతుంది.

కాఠిన్యం కూడా స్థిరమైన స్వభావం కాదు. పీటర్ యేట్స్ బృందం 2012లో చేసిన ప్రయోగంలో, బలహీనమైన ప్రదర్శనలు చూసిన తరువాత మధ్యస్థ ప్రదర్శనకు ఎక్కువ మార్కులూ, మంచి ప్రదర్శనలు చూసిన తరువాత అదే మధ్యస్థ ప్రదర్శనకు తక్కువ మార్కులూ వచ్చాయి. పరీక్షకుడి మనసులోని కొలబద్ద స్థిరమైన ఇనుపకడ్డీ కాదు. ఎదుట నిలిచినవారిని బట్టి సాగే రబ్బరు. ఒకే కళాశాల విద్యార్థులనే ఏళ్ళ తరబడి చూసే అధ్యాపకుడి ప్రమాణం ఆ కళాశాల సగటు చుట్టూ ఏర్పడటం సహజం. దీని పర్యవసానం ఆలోచించదగినది. మెరుగైన కళాశాలలోని మధ్యస్థ విద్యార్థి నష్టపోతాడు; వెనుకబడిన కళాశాలలోని మధ్యస్థ విద్యార్థి లాభపడతాడు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. అందుకే దీనిని గుర్తించడం కష్టం.

భారతదేశంలో దీనికి సంప్రదాయంగా ఉన్న విరుగుడు బయటి కళాశాలల నుంచి వచ్చే ఎక్స్‌టర్నల్ పరీక్షకుడు. ఈ ఏర్పాటు ఒక కళాశాల తన వారికి తానే తీర్పరి కాకుండా కాపాడుతుంది. అయితే అది పక్షపాతాన్ని అదుపుచేస్తుందే తప్ప కాఠిన్యాన్ని సమం చేయదు. ఒక కేంద్రానికి వచ్చిన బయటి పరీక్షకుడు డేగ, మరొక కేంద్రానికి వచ్చినవాడు పావురం కావచ్చు.

5. అనుసంధాన సమస్య – వీడియో పరిష్కారం:

గణితపరంగా సమస్య ఇది. ఉదాహరణకు 'అ' కేంద్రం విద్యార్థుల సగటు 70, 'ఆ' కేంద్రం సగటు 62 అనుకుందాం. ఎనిమిది మార్కుల తేడా విద్యార్థులదా, పరీక్షకులదా? 'అ' పరీక్షకులు 'ఆ' విద్యార్థులను చూడలేదు. 'ఆ' పరీక్షకులు 'అ' విద్యార్థులను చూడలేదు. రెండు సమూహాల మధ్య ఉమ్మడి బిందువు లేనప్పుడు ఎంతటి సంఖ్యాశాస్త్రమూ ఆ రెండు కారణాలను విడదీయలేదు.

యేట్స్ బృందం గత కొన్నేళ్ళుగా అభివృద్ధి చేస్తున్న వెస్కా అనే వీడియో పద్ధతి ఈ ఉమ్మడి బిందువును సృష్టించే ప్రయత్నం. పరీక్షలో కొందరు విద్యార్థుల ప్రదర్శనలను చిత్రీకరించి, అన్ని కేంద్రాల పరీక్షకుల చేతా వాటికి మార్కులు వేయిస్తారు. పై ఉదాహరణలో అవే వీడియోలకు 'అ' పరీక్షకులు సగటున 68, 'ఆ' పరీక్షకులు 63 వేశారనుకుంటే, ఎనిమిదింటిలో ఐదు మార్కుల తేడా పరీక్షకులదని అంచనా వేయవచ్చు. మిగిలిన మూడు మార్కులు విద్యార్థులవో, స్థలానివో కావచ్చు. ఆ మేరకు సవరించిన మార్కులు పాత మార్కుల కంటే న్యాయానికి దగ్గరగా ఉంటాయి.

ఈ పద్ధతి విలువ సవరణలో కంటే అది వెలుగులోకి తెచ్చే సమాచారంలో ఉంది. ఏ కేంద్రపు కొలబద్ద ఎటు జరిగిందో పరీక్షకులకే తెలుస్తుంది. దాని పరిమితులు కూడా చెప్పుకోవాలి. తెరమీద చూసి వేసే మార్కు, గదిలో ఉండి వేసే మార్కు ఒకటేనన్న ఊహ దీనికి పునాది. పొట్టను తాకిన చేతి బరువు, గదిలోని తొందర కెమెరాకు అందకపోవచ్చు. అదీగాక, సవరణవల్ల ఉత్తీర్ణత కోల్పోయిన విద్యార్థికి ఆ సంగతి వివరించడం ఏ విశ్వవిద్యాలయానికైనా సులభం కాదు. తనను ప్రత్యక్షంగా చూసిన పరీక్షకుడు పాస్ చేస్తే, ఎవరి వీడియోనో చూసి వేసిన మార్కులు తనను తప్పించాయని అతను వాదిస్తాడు. ఆ వాదంలో న్యాయశాస్త్రపరమైన బలం ఎంత ఉన్నా, మానవసహజమైన బలం ఉంది. వాండర్ వ్లూటెన్ సూత్రంలోని ఆమోదయోగ్యత అనే అంశం ఇక్కడే పరీక్షకు వస్తుంది.

6. ఒకే గది సరిపోతుందా – రెండు దేశాల అనుభవం:

అన్ని కేంద్రాలనూ రద్దుచేసి అందరినీ ఒకేచోట పరీక్షిస్తే సమస్య తీరుతుందన్న ఆలోచన సహజం. దీనికి రెండు దేశాల అనుభవం సమాధానమిస్తుంది.

బ్రిటన్‌లో జనరల్ ప్రాక్టీషనర్ల రాయల్ కళాశాల నిర్వహించిన క్లినికల్ నైపుణ్య పరీక్ష ఒకే కేంద్రంలో, శిక్షిత నటులతో, కట్టుదిట్టమైన పద్ధతిలో జరిగేది. అయినా అందులో విదేశీ పట్టభద్రులూ, బ్రిటన్‌లోనే చదివిన శ్వేతేతర వైద్యులూ తప్పే రేటు చాలా ఎక్కువగా ఉండేది. అనీజ్ ఇస్మాయిల్, క్రిస్ రాబర్ట్స్‌లు 2013లో ప్రకటించిన విశ్లేషణ ఈ అంతరాన్ని నమోదుచేసి, ఆత్మాశ్రయ పక్షపాతం ఒక కారణమయ్యే అవకాశాన్ని తోసిపుచ్చలేమన్నది. భారత సంతతి వైద్యుల బ్రిటిష్ సంఘం బాపియో న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. ఆ సంఘం గొంతుకలో తెలుగు వైద్యుల గొంతుక కూడా కలిసి ఉంది. 2014 ఏప్రిల్‌లో జస్టిస్ మిట్టింగ్ పరీక్ష చట్టబద్ధమేనని తీర్పు చెబుతూ పిటిషనును కొట్టివేశారు. అదే సమయంలో ఆ అంతరాన్ని తగ్గించడానికి కళాశాల పూనుకోవలసిన అవసరాన్ని గుర్తించారు. చట్టానికి సరిపోయే న్యాయమూ, సమాజం ఆశించే న్యాయమూ ఒకటి కాకపోవచ్చునని ఈ తీర్పు చెప్పకనే చెప్పింది.

అమెరికాలో లైసెన్సు పరీక్షలో భాగమైన స్టెప్ 2 సి.ఎస్. 2004లో మొదలైంది. ఫిలడెల్ఫియా, అట్లాంటా, షికాగో, హ్యూస్టన్, లాస్ ఏంజిలస్ నగరాల్లో మాత్రమే జరిగే ఈ పరీక్షకు వెయ్యి డాలర్లకు మించిన రుసుము, దానిపై ప్రయాణ వ్యయం ఉండేవి. విదేశీ పట్టభద్రులు సముద్రాలు దాటి వెళ్ళవలసివచ్చేది. కోవిడ్ కారణంగా 2020లో ఆగిన పరీక్షను 2021 జనవరిలో శాశ్వతంగా రద్దుచేశారు. కెనడా కూడా తన జాతీయ క్లినికల్ పరీక్షను అదే సంవత్సరం విరమించుకుంది.

పరీక్ష పోయింది కాని ప్రశ్న పోలేదు. అమెరికాలో శిక్షణ కోరే విదేశీ పట్టభద్రుల నైపుణ్యానికి సాక్ష్యం ఎవరివ్వాలన్న సమస్య తిరిగి ముందుకొచ్చింది. దానికోసం ఏర్పరచిన మార్గాల్లో ఒకటి, లైసెన్సున్న వైద్యులు విద్యార్థిని నిజమైన రోగులతో గమనించి మినీ-సి.ఇ.ఎక్స్. పద్ధతిలో మార్కులు వేయడం. జాన్ నార్సినీ బృందం 1990లలో రూపొందించిన ఈ పద్ధతి చిన్నచిన్న పరిశీలనల సమాహారం. అంటే ఒకే గది నుంచి కొలత మళ్ళీ స్థానిక ఆసుపత్రికే చేరింది. ఏకరూపత కోసం బయలుదేరిన ప్రయాణం వ్యయం, ఆమోదయోగ్యత అనే గుణకాలు సున్నాకు దగ్గరపడగానే వెనుదిరిగిందని దీన్ని వ్యాఖ్యానించవచ్చు.

బ్రిటన్ జనరల్ మెడికల్ కౌన్సిల్ 2024-25 నుంచి పట్టభద్రులయ్యేవారికి తప్పనిసరి చేసిన లైసెన్సింగ్ పరీక్ష మధ్యేమార్గాన్ని ఎంచుకుంది. రాతభాగం దేశమంతటికీ ఒకటే. క్లినికల్ భాగాన్ని కౌన్సిల్ నిబంధనలకు లోబడి ఏ విశ్వవిద్యాలయానికావిశ్వవిద్యాలయం నిర్వహించుకుంటుంది. భారతదేశంలో జాతీయ వైద్య కమిషన్ చట్టం, 2019 ప్రతిపాదించిన నెక్స్ట్ పరీక్షకు 2023లో వెలువడిన నిబంధనలు కూడా ఇదే దారి తొక్కాయి. మొదటి అంచె దేశవ్యాప్త కంప్యూటర్ పరీక్ష. రెండవదైన క్లినికల్ అంచె రాష్ట్ర ఆరోగ్య విశ్వవిద్యాలయాల బాధ్యత. 2023లోనే ఈ పరీక్ష వాయిదా పడింది. అది ఎప్పుడు అమలైనా, కేంద్రాల మధ్య క్లినికల్ మార్కులను ఎలా అనుసంధానిస్తారన్న ప్రశ్నకు సమాధానం లేకుండా రెండవ అంచె దేశవ్యాప్త ప్రమాణం కాజాలదు.

7. రోగి భాష – పరీక్ష భాష:

ఇంతవరకు జరిగిన అంతర్జాతీయ చర్చలో భాష అంటే చాలావరకు అభ్యర్థి ఆంగ్లం. తెలుగు ప్రాంతపు ఆసుపత్రిలో సమస్య తలకిందులుగా ఉంటుంది. రోగి తెలుగులో చెబుతాడు. విద్యార్థి తెలుగులో విని, ఆంగ్లంలోకి మార్చి, ఆంగ్లంలో నివేదిస్తాడు. మార్కులు పడేది ఆ అనువాదానికి.

తెలుగులో నొప్పికి ఉన్న పదాలు గమనార్హం. పోటు, సలుపు, మంట, తీపు, పీకుడు, గుంజుడు, లాగుడు వేర్వేరు బాధలు. పంటిపోటుకూ, కురుపు సలుపుకూ, ఒళ్ళుతీపులకూ, కాళ్ళ పీకుడుకూ ఉన్న భేదం రోగికి తెలుసు. నివేదికలో ఇవన్నీ పెయిన్ అనే ఒక్క మాటలో కరిగిపోతాయి. దీనికి విరుద్ధంగా, కళ్ళు తిరుగుతున్నాయన్న ఒక్క మాటలో కనీసం రెండు భిన్న స్థితులు దాగి ఉంటాయి. చుట్టూ ఉన్న గది గిర్రున తిరిగినట్టుండటం ఒకటి. చూపు మసకబారి పడిపోబోతున్నట్టుండటం మరొకటి. మొదటిది తరచు చెవి లోపలి భాగం వైపు, రెండవది గుండె, రక్తపోటుల వైపు వైద్యుడిని నడిపిస్తుంది. "గది తిరిగినట్టుందామ్మా, కళ్ళు చీకట్లు కమ్మినట్టుందా?" అని అడిగిన విద్యార్థి నిజమైన క్లినికల్ నైపుణ్యాన్ని చూపాడు. పరీక్షకుడికి వినిపించేది మాత్రం గిడ్డీనెస్ అనే ఒక్క మాట. ఆ ప్రశ్న అడగని విద్యార్థి నివేదికలోనూ అదే మాట ఉంటుంది.

ప్రాంతం మారితే పదమూ మారుతుంది. కోస్తా రోగి ఆయాసమంటే, తెలంగాణ పల్లె రోగి దమ్ము వస్తోందంటాడు. వేడి చేసిందన్న మాటకు ఆంగ్ల వైద్యపరిభాషలో సమానార్థకమే లేదు. దాని వెనుక మూత్రంలో మంట ఉందో, నోటిపూత ఉందో, ఉత్త నీరసమే ఉందో అడిగి తెలుసుకోవాలి. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం అఖిలభారత కోటా ద్వారా వచ్చే ఇతర రాష్ట్రాల విద్యార్థులకు ఇది అదనపు భారం. పక్కమంచం రోగి బంధువో, తోటి విద్యార్థో దుబాసీగా నిలిచినప్పుడు మార్కులు ఎవరి నైపుణ్యానికి పడుతున్నాయో చెప్పడం కష్టం. మరోవైపు తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థి రోగితో చక్కగా మాట్లాడి, ఆంగ్ల నివేదికలో తడబడి మార్కులు కోల్పోతాడు.

రోగితో జరిగే సంభాషణను పరీక్షకుడు ప్రత్యక్షంగా విని, దానికి విడిగా మార్కులు వేయడం ఈ రెండు వైపుల అన్యాయాన్నీ తగ్గించగల పద్ధతి. శిక్షిత రోగుల పాత్రలను ఆంగ్ల నమూనాల నుంచి అనువదించక, ఆయా ప్రాంతాల మాటతీరులోనే రాయించడం దీనికి అనుబంధంగా జరగవలసిన పని. తెలుగు భాషాశాస్త్ర, మాండలిక పరిశోధకులకు ఇక్కడ పని ఉంది. వ్యాధి లక్షణాలను రోగులు ఏ మాటలతో చెబుతారో ప్రాంతాలవారీగా సేకరించిన పదకోశం వైద్యవిద్యకూ, భాషా పరిశోధనకూ సమానంగా ఉపకరిస్తుంది.

8. సవరించవలసిన తేడా – సవరించకూడని తేడా:

కేంద్రాల మధ్య కనిపించే మార్కుల తేడా అంతా ఒకే జాతికి చెందినది కాదు. పరీక్షకుల కాఠిన్యం, రోగి కేసు కష్టం, స్థలంలోని అసౌకర్యం విద్యార్థికి సంబంధం లేని తేడాలు. వీటిని ఎంతవరకు వీలైతే అంతవరకు సవరించాలి. అభ్యసన అవకాశంలోని తేడా వేరు. జిల్లా కళాశాల విద్యార్థి గుండె చప్పుడును గుర్తించలేకపోయింది వినే అవకాశం దొరకనందువల్ల కావచ్చు. తప్పు అతనిది కాదు. అయినా ఆ కారణంతో మార్కులు కలిపితే, రేపు అతని ముందు కూర్చునే రోగికి ఆ చప్పుడు వినిపించుకునే వైద్యుడు దొరకడు. జిల్లా రోగి ప్రాణం నగర రోగి ప్రాణం కంటే చౌక కాదు.

కాబట్టి అభ్యసన అవకాశంలోని అన్యాయాన్ని పరీక్షలో సరిదిద్దడం సాధ్యం కాదు, తగదు కూడా. దాన్ని పరీక్షకు ముందే సరిదిద్దాలి. 2019 బ్యాచితో మొదలైన సామర్థ్యాధారిత పాఠ్యప్రణాళికలోని లాగ్‌బుక్ దీనికి సాధనం కావచ్చు. విద్యార్థి ఏయే కేసులు చూశాడో, ఏయే నైపుణ్యాలు చేసి చూపాడో అందులో నమోదవుతుంది. అయితే లాగ్‌బుక్‌ను ప్రస్తుతం విద్యార్థి అర్హతకు రుజువుగానే చూస్తున్నారు. దానిని కళాశాల అందించిన అవకాశానికి రుజువుగా కూడా చదివితే, ఏ కళాశాల విద్యార్థులు ఏ కేసులు చూడకుండానే పరీక్షకు వస్తున్నారో విశ్వవిద్యాలయానికి ముందే తెలుస్తుంది. ఆ విద్యార్థులను కొన్ని వారాలపాటు పెద్ద ఆసుపత్రికి పంపడం, పరీక్షలో మార్కులు కలపడం కంటే ఇద్దరు హక్కుదారులకూ మేలు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు: అవకాశం ఇవ్వని వ్యవస్థ విద్యార్థిని తప్పించడం నైతికంగా సమంజసమా? ఈ ఆక్షేపణ బలమైనదే. దీనికి సమాధానం ప్రమాణాన్ని తగ్గించడంలో లేదు. తప్పడం వల్ల కలిగే పర్యవసానాన్ని మార్చడంలో ఉంది. ఏ నైపుణ్యంలో లోపముందో ఆ నైపుణ్యంలోనే, తక్కువ కాలంలో, సంస్థ ఖర్చుతో తిరిగి శిక్షణ, తిరిగి పరీక్ష ఉన్నప్పుడు తప్పడం శిక్ష కాక సూచన అవుతుంది. మొత్తం సబ్జెక్టులో తప్పించి ఇంటికి పంపే పద్ధతి ఈ భేదాన్ని చెరిపివేస్తుంది.

9. ముగింపు:

పై పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

• లాంగ్ కేసు బలహీనత నిజమైన రోగిని వాడటంలో లేదు. ఒక్క రోగితో, చూడకుండా మార్కులు వేయడంలో ఉంది. ప్రత్యక్ష పరిశీలననూ, కేసుల సంఖ్యనూ పెంచితే దానిని నిలబెట్టుకోవచ్చు.

• ఆస్కీ ప్రశ్నపత్రం ఏకరూపమైనంతమాత్రాన కేంద్రాల మధ్య మార్కులు పోల్చదగినవి కావు. పరీక్షకులను కలిపే ఉమ్మడి బిందువు తప్పనిసరి. వీడియో అనుసంధానం అందుకు ఒక మార్గం. పరీక్షకులను కేంద్రాల మధ్య పంచడం మరొకటి.

• ఒకే కేంద్రంలో జరిగిన పరీక్ష కూడా న్యాయంపై ప్రశ్నలను తప్పించుకోలేదని బ్రిటన్, ఖర్చును తట్టుకోలేదని అమెరికా అనుభవాలు చూపాయి.

• తెలుగు ప్రాంతంలో రోగి భాషకూ పరీక్ష భాషకూ ఉన్న అంతరం మూల్యాంకన లోపానికి ప్రత్యేక కారణం. సంభాషణను ప్రత్యక్షంగా వినని పరీక్ష దీన్ని పట్టుకోలేదు.

• పరీక్షకుల కాఠిన్యం వల్ల వచ్చిన తేడాను మార్కుల్లో సవరించాలి. అభ్యసన అవకాశం లేనందువల్ల వచ్చిన తేడాను మార్కుల్లో కాక శిక్షణలో సవరించాలి.

మొదట చెప్పుకున్న ఇద్దరు విద్యార్థుల దగ్గరికి తిరిగి వస్తే, కఠిన పరీక్షకుడి చేతిలో పోయిన మార్కులు జిల్లా విద్యార్థికి తిరిగి రావాలి. వినని గుండె చప్పుడుకు మాత్రం మార్కులు కాదు, ఆ చప్పుడును వినే అవకాశమే అతనికి దక్కవలసింది. ఈ రెంటినీ కలగాపులగం చేసిన ఏ సంస్కరణ అయినా ఒక హక్కుదారుకు న్యాయం చేయబోయి మరొకరికి అన్యాయం చేస్తుంది.